పక్క ఊరే సర్కారైతే: బొబ్బిలి, విజయనగరం పొరుగు కథ

విజయనగరం కాంప్లెక్స్‌లో బొబ్బిలి బస్సు ఎక్కితే గజపతినగరం, రామభద్రపురం దాటి గంటన్నరలో, మహా అయితే రెండు గంటల్లో దిగిపోతాం. దారి పొడుగునా ఒకటే యాస, ఒకటే పంట, ఒకటే తీరు చెరువుగట్లు. ఏ మలుపు దగ్గర విజయనగరం వారి భూమి అయిపోయి బొబ్బిలి వారిది మొదలయ్యేదో కిటికీలోంచి చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడైతే బొబ్బిలి ఉన్నదే విజయనగరం జిల్లాలో.

ఈ రెండు ఊళ్ల పేర్లు పక్కపక్కన వినగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చేది ఒక్కటే, 1757 జనవరి 24. ఆ రోజు ఫ్రెంచివాళ్లు, విజయనగరం రాజు కలిసి చేసిన దాడిలో బొబ్బిలి కోట కూలింది. లోపలి ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకుండా సొంతవాళ్ల కత్తులకే బలయ్యారు. మగవాళ్లు దాదాపు అందరూ పోరాడుతూ పోయారు. కొద్ది రాత్రులకే విజయనగరం రాజు తన గుడారంలో పడక మీదే హతమయ్యాడు.

చిన్నప్పుడు నేను ఈ కథ బుర్రకథలోనే విన్నాను. తాండ్ర పాపారాయుడి పేరు రాగానే డక్కీ మోత పెరిగేది, ముందు వరసలో కూర్చున్న ముసలాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ కథలో పౌరుషం ఉంది, కోడిపందెంలో జరిగిన అవమానం ఉంది, లంచం తిన్న దివాను ఉన్నాడు. వాటిలో దేన్నీ నేను కొట్టిపారెయ్యను. కానీ పెద్దయ్యాక ఒక ప్రశ్న వదల్లేదు. ఈ రెండు కుటుంబాలూ అప్పటికి నూరేళ్లకు పైగా పొరుగున బతికాయి. నీళ్ల దగ్గరా, హద్దుల దగ్గరా కొట్టుకున్నాయి, మళ్లీ సర్దుకున్నాయి. పౌరుషాలు 1657లోనూ ఉన్నాయి, 1707లోనూ ఉన్నాయి. మరి కోటని నేలమట్టం చేసేదాకా 1757లోనే ఎందుకు వెళ్లింది?

దీనికి నాకు దొరికిన జవాబు ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. అప్పటిదాకా ఇద్దరు పొరుగువాళ్ల మీదా ఒక సర్కారు ఉండేది. 1753 తర్వాత ఆ ఇద్దరిలో ఒకరే సర్కారయ్యారు. ఈ మాట అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకే ఫౌజ్‌దారు వెంట వచ్చినవాళ్లు

ఉత్తరాంధ్ర అంతా అప్పట్లో గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. కొండల్లో జయపురం రాజు, మైదానంలో చిన్నా పెద్దా దొరలు, వీళ్లందరి మీదా శ్రీకాకుళంలో కూర్చున్న ఫౌజ్‌దారు, అంటే సైన్యంతో వసూళ్లు చూసే సర్కారు అధికారి. శ్రీకాకుళాన్ని ఆనాటి రికార్డులు చికాకోల్ అంటాయి. 1652లో షేర్ మహమ్మద్ ఖాన్ ఫౌజ్‌దారుగా వచ్చినప్పుడు ఆయన వెంట రెండు కుటుంబాల మూలపురుషులు వచ్చారని పాత గెజిటీర్లు చెబుతాయి. ఒకరు వెంకటగిరి వెలుగోటి వంశానికి చెందిన పెద్దరాయుడు, ఇంకొకరు పూసపాటి మాధవవర్మ. మొదటివారి సంతతి బొబ్బిలి ప్రభువులు, రెండోవారి సంతతి విజయనగరం ప్రభువులు. ఇద్దరూ ఒకే యజమాని కొలువులో, ఒకే రోజుల్లో, దక్షిణం నుంచి ఈ నేలకి వచ్చి స్థిరపడినవాళ్లే.

బొబ్బిలి పేరులోనే ఆ కొలువు గుర్తు ఉండిపోయింది. షేర్ అంటే పులి. తమకి భూమి ఇచ్చిన షేర్ ఖాన్ మీద గౌరవంతో పెద్దరాయుడు తన కోటకి 'పెబ్బులి' అని పేరు పెట్టాడని, అదే వాడుకలో బొబ్బిలి అయిందని ఆ కుటుంబ సంప్రదాయం. 'రంగారావు' అన్న బిరుదు కూడా ఆ షేర్ ఖాన్ నవాబు ఇచ్చిందే. శత్రువులకి చిక్కిన నవాబు కొడుకుని పెద్దరాయుడి కొడుకు లింగప్ప విడిపించి తెచ్చాడని, అందుకు పన్నెండు ఊళ్లతోపాటు ఆ బిరుదు దక్కిందని చెబుతారు.

పూసపాటివారు ముందు కుమిలిలో, పోట్నూరులో ఉండి తర్వాత విజయనగరం కోట కట్టుకున్నారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమైన మంగళవారం, కట్టించింది విజయరామరాజు: ఇన్ని విజయాలు కలిసొచ్చిన రోజున 1713లో కోటకి శంకుస్థాపన జరిగిందని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సంవత్సరం లెక్క సరిపోతుంది కూడా. 2013 విజయ అయితే అరవయ్యేసి చొప్పున వెనక్కి వెళ్తే 1713 విజయే.

ఇద్దరూ ఒకే చెయ్యి కింద పెరిగినవాళ్లు కాబట్టే 'ఎవరు పెద్ద' అన్న పట్టింపు బలంగా ఉండేది. ఒకరికి పాత వంశం అన్న గర్వం, ఇంకొకరికి పెరుగుతున్న బలం అన్న ధీమా. దూరపు రాజు గొప్పవాడైతే ఎవరికీ బాధ ఉండదు. మనతోపాటే బయల్దేరినవాడు మనకంటే పై మెట్టు ఎక్కితే నిద్ర పట్టదు. ఏ ఊళ్లో చూసినా ఇది నిజమే.

గెడ్డ ఎవరిది?

పోట్లాటకి అసలు ముడిసరుకు నీళ్లు. ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఆ రోజుల్లోనే ఈ యుద్ధం గురించి రాశాడు. విజయనగరం రాజుకి బొబ్బిలి మీద ఉన్న కోపానికి ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి, బొబ్బిలివాళ్లు విజయనగరం భూముల్లోకి పారే వాగుల నీళ్లని మాటిమాటికీ మళ్లించుకుంటున్నారన్నది. రాజుల కథలో ఈ కారణం చప్పగా కనిపిస్తుంది. పొలం ఉన్నవాళ్లకి మాత్రం ఇదే అన్నిటికంటే పెద్ద కారణం.

మా వైపు వాగుని గెడ్డ అంటారు. తూర్పు కనుమల్లో వాన పడితే గెడ్డ నిండుతుంది. పైన వాన ఆగితే రెండు మూడు రోజుల్లోనే మళ్లీ ఇసక తేలుతుంది. బొబ్బిలి పక్క నుంచి పారే వేగవతి, ఇంకాస్త అవతల సువర్ణముఖి నాగావళిలో కలుస్తాయి. ఇటు చంపావతి గజపతినగరం మీదుగా సముద్రంలోకి పోతుంది. పేరున్న ఈ ఏళ్లకి పేరులేని గెడ్డలు ఎన్నో. గెడ్డకి అడ్డంగా రాళ్లు, కర్రలు, తుప్పలు, మట్టి వేసి ఒక కట్ట కడతారు. దాని పక్కనుంచి కాలవ తీసి చెరువులోకి నీళ్లు పంపుతారు. చెరువుకి మదుము, మదుము కింద పిల్లకాలవలు, వాటి కింద మళ్లు. పెద్ద వరదొస్తే ఆ మట్టికట్ట కొట్టుకుపోతుంది, మళ్లీ కట్టాలి. ప్రతి ఏడూ కట్టాల్సిందే కాబట్టి ప్రతి ఏడూ గొడవ కొత్తగా మొదలవుతుంది: కిందటేడు ఎంత ఎత్తు కట్టారు, ఈ ఏడు ఎంత కట్టారు, జానెడు ఎత్తు ఎవరు పెంచారు?

ఆ జానెడు ఎత్తు విలువ ఏమిటో కింద ఊరివాడికే తెలుస్తుంది. ఉడుపులు అయిపోయి, చేను పొట్టకొచ్చే వేళకి వాన ముఖం చాటేస్తే గెడ్డలో పారే ఆ కాస్త నీరే ప్రాణం. పైవాడు ఆ వారం రోజులు మొత్తం నీరు తన చెరువులోకి తిప్పుకున్నాడా, కిందవాడి వెన్ను తాలైపోతుంది. నష్టం రైతుతో ఆగదు. పంట పోతే శిస్తు రాదు, శిస్తు రాకపోతే ఆ ఊరి దొర పైకి కట్టాల్సిన సొమ్ము కట్టలేడు. అలా మట్టికట్ట మీద మొదలైన తగువు కోటదాకా వెళ్తుంది.

బొబ్బిలి కొండలకి దగ్గర. విజయనగరం వారి భూముల్లోకి పోయే కొన్ని గెడ్డలు ముందు బొబ్బిలి వారి నేల మీదుగా వచ్చేవి. అంటే బలంలో పెద్దది విజయనగరం, నీళ్ల దగ్గర పైచెయ్యి బొబ్బిలిది. బలవంతుడు కింద, బలహీనుడు పైన. ఇలాంటి చోట తగువు తీర్చడానికి మూడోవాడు ఉండి తీరాలి, వాడి మాట ఇద్దరూ వినాలి.

అలాగని రెండు ఊళ్లూ ఎప్పుడూ కత్తులు దూసుకుని కూర్చోలేదు. సముద్రం పక్క నుంచి ఉప్పు, ఎండుచేప మీదికి పోవాలి. కొండల నుంచి చింతపండు, పసుపు, అడవి సరుకు కిందికి రావాలి. భీమునిపట్నంలో డచ్చివాళ్లు, విశాఖపట్నంలో ఇంగ్లీషువాళ్లు పదిహేడో శతాబ్దంలోనే వర్తక స్థావరాలు పెట్టుకుని బట్ట కొంటున్నారు. దొరల మధ్య మాటలు లేకపోయినా సంతలు జరిగేవి, బళ్లు నడిచేవి. యుద్ధం చేసుకున్న పేర్ల వెనక ఈ రాకపోకలు కనపడకుండా పోయాయి, పొరుగు సంబంధమంటే సగం ఇదే.

మధ్యలో ఉన్న మూడోవాడు

ఆ మూడోవాడు శ్రీకాకుళం ఫౌజ్‌దారు. ఈ వ్యవస్థ ఎలా నడిచేదో చూస్తే మిగతా కథ చిక్కు విడిపోతుంది.

ఊరి రైతు దొరకి శిస్తు కడతాడు. దొర అందులోంచి తన కోట, తన భటుల ఖర్చు ఉంచుకుని ఫౌజ్‌దారుకి పేష్కష్, అంటే కప్పం, కడతాడు. ఫౌజ్‌దారు గోల్కొండకి, 1687లో ఔరంగజేబు గోల్కొండని గెలిచాక మొగలు సుబేదారుకి, ఆ తర్వాత హైదరాబాద్ నిజాముకి లెక్క చెబుతాడు. ఏ దొరా ఇష్టంగా పేష్కష్ కట్టలేదు. ఫౌజ్‌దారు సైన్యంతో వస్తేనే కట్టేవాళ్లు, వెళ్లిపోగానే మానేసేవాళ్లు. కోట చుట్టూ దట్టమైన వెదురు, ముళ్ల అడవి పెంచుకునేది అందుకే. ఆ అడవిలోకి గుర్రాలు రాలేవు, ఫిరంగులు రాలేవు.

వినడానికి ఇదంతా అరాచకంలా ఉంటుంది. కానీ దీనికో లెక్క ఉంది. ఫౌజ్‌దారుకి ఏ దొరా మరీ బలవడం ఇష్టం లేదు, ఏ దొరా పూర్తిగా నాశనమవడమూ ఇష్టం లేదు. బొబ్బిలి పోతే బొబ్బిలి పేష్కష్ పోతుంది. పైగా ఆ భూమి మింగిన విజయనగరం రేపు ఫౌజ్‌దారునే లెక్కచెయ్యదు. అందుకే పొరుగువాళ్ల తగువులు ముదిరితే మధ్యలోకి వచ్చి, ఇద్దరి దగ్గరా నజరానాలు పుచ్చుకుని, ఏదో ఒక రాజీ చేసేవాడు. న్యాయం కోసం కాదు, తన ఆదాయం కోసం. అయినా ఆ స్వార్థమే చిన్న ఊరికి గొడుగు పట్టింది.

1753లో ఆ గొడుగు చిరిగింది. నిజాం సలాబత్ జంగ్ గద్దె మీద నిలబడింది ఫ్రెంచి సేనాని బుస్సీ తుపాకుల అండతో. ఆ సైన్యానికి జీతాలివ్వడానికి నిజాము దగ్గర డబ్బు లేదు. దాంతో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు (అప్పట్లో జిల్లాలాంటి విభాగాన్నీ సర్కారనే అనేవాళ్లు) నాలుగింటినీ ఫ్రెంచివాళ్లకి రాసిచ్చేశాడు. ఒక్క సంతకంతో బొబ్బిలి, విజయనగరం మీది సర్కారు మారిపోయింది.

పాత ఫౌజ్‌దారు జాఫర్ అలీ ఖాన్ ఒప్పుకోలేదు. విజయనగరం ప్రభువు పెద్ద విజయరామరాజుని కలుపుకుని ఎదురుతిరగబోయాడు. అప్పుడు మచిలీపట్నంలో ఉన్న ఫ్రెంచి అధికారి మొరాసిన్ చేసిన పని ఈ మొత్తం కథకి ఇరుసు. రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు రెండింటినీ అసలు విలువ కంటే చాలా తక్కువకి ఇజారాగా ఇస్తానని విజయరామరాజుకి ఆశ చూపాడు. రాజు ఫ్రెంచివాళ్ల వైపు వచ్చేశాడు. ఒంటరైపోయిన జాఫర్ అలీ నాగపూర్ మరాఠాలని పిలిచాడు. వాళ్లొచ్చి ఈ ప్రాంతాన్ని దోచుకుని పోయారు. ఆ దోపిడీలో ఏ ఊళ్లు కాలిపోయాయో, ఏ రైతు గాదె ఖాళీ అయిందో ఎవరూ పాట కట్టలేదు.

ఇజారా అంటే ఏమిటో ఇక్కడ ఆగి చూడాలి. ఒక ప్రాంతం మొత్తానికి ఏడాదికి ఇంత అని సర్కారుకి ఒప్పుకుంటావు. వసూలు చేసుకునే అధికారం నీదే. ఒప్పుకున్నదానికి పైన ఎంత వస్తే అంతా నీకే. సంతలో ఆశీలు పాట పాడుకున్నట్టే, కాకపోతే ఇక్కడ పాటకి పెట్టింది ఊళ్లకి ఊళ్లు. విజయరామరాజు ఇజారాదారు అయ్యాడంటే నిన్నటిదాకా సాటి జమీందారైన బొబ్బిలి రంగారావు ఇప్పుడు తన పేష్కష్ ఎవరి ముందు పెట్టాలి? నీళ్ల తగువొస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఫిర్యాదు ఎవరి మీదో, తీర్పు కూడా వాళ్ల చేతిలోనే. ఫ్రెంచివాళ్లకి ఇది తెలియదని నేననుకోను. వాళ్లకి సైన్యం జీతాలు కావాలి, వసూలు చేసిపెట్టే బలమైన చెయ్యి కావాలి. చిన్న కోటల మధ్య సమతూకం నిలబెట్టడం వాళ్ల పని కాదు, వాళ్లు నాలుగు కాలాలపాటు ఉంటామనీ అనుకోలేదు.

1756 నాటికి పరిస్థితి ఇంకా చెడింది. హైదరాబాద్‌లో సలాబత్ జంగ్ బుస్సీని కొలువు నుంచి తీసేశాడు. బుస్సీ చార్ మహల్‌లో తిష్ఠ వేసి, బలగం వచ్చేదాకా నిలబడి, మళ్లీ పదవి సాధించుకున్నాడు. ఈ సందులో ఇక్కడ బుస్సీ పెట్టిన ఫౌజ్‌దారు ఇబ్రహీం ఖాన్ ఎదురుతిరిగాడు, జమీందార్లు కట్టడం మానేశారు. అటు యూరప్‌లో ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ యుద్ధం మొదలైంది. బుస్సీకి డబ్బు కావాలి, అదీ త్వరగా. ఏడాది చివర్లో ఆయన సర్కారుల మీదికి బయల్దేరాడు. దొరలు చాలామంది భయపడి వచ్చి కలిశారు. అందరికంటే ముందు, వేలమంది బలగంతో వచ్చి కలిసినవాడు విజయరామరాజు.

జనవరి 24

సైన్యం ఏ నెలలో కదిలిందో గమనించండి. సంక్రాంతి దాటి రెండు వారాలు. కోతలు అయిపోయాయి, ధాన్యం కళ్లాల్లోంచి గాదెల్లోకి చేరింది. గెడ్డలు సన్నబడ్డాయి కాబట్టి ఫిరంగి బళ్లు ఇసకలో దిగబడకుండా దాటొచ్చు. సైన్యానికి తిండి దొరుకుతుంది, వసూలుకి సొమ్మూ దొరుకుతుంది. రైతు ఏడాదంతా ఎదురుచూసే రోజులే సర్కారు సైన్యం ఎదురుచూసేవి కూడా.

విజయరామరాజు అడిగిందల్లా ఒక్కటే, బొబ్బిలివాళ్లు నా పక్క నుంచి వెళ్లిపోవాలి. బుస్సీ మొదట ఒక బేరం పెట్టాడు. బొబ్బిలి వదిలేస్తే అంతకంటే ఎక్కువ రాబడి ఉన్న భూమి ఇంకోచోట ఇస్తానన్నాడు. ఫ్రెంచి లెక్కలో ఇది మంచి బేరమే. భూమి అంటే రాబడి, ఎక్కడైతేనేం? రాజా గోపాలకృష్ణ రంగారావుకి అది బేరమే కాదు, అవమానం. నాలుగు తరాలుగా పెబ్బులి అని పేరు పెట్టుకున్న నేలని, పక్కవాడు అడిగాడని వదిలి పోవడమా? ఇంతలో బొబ్బిలి అడవి గుండా పోతున్న బుస్సీ సిపాయిల దళం మీద దాడి జరిగి కొందరు చనిపోయారు. అది బొబ్బిలివాళ్లు చేసిందేనని బుస్సీకి చెప్పారు. ఇక్కడి కథల్లో మాత్రం దాని వెనక విజయనగరం పన్నాగం ఉందని, బుస్సీ దివాను హైదర్ జంగ్ లంచం పుచ్చుకున్నాడని ఉంటుంది. ఈ ముడి విప్పే సాక్ష్యం ఇప్పుడు మన చేతిలో లేదు. ఎటు చూసినా బుస్సీ చెవికి దగ్గరగా ఉన్నది విజయనగరమే, బొబ్బిలి కాదు. మధ్యవర్తి మన పొరుగువాడి పక్కన కూర్చున్నాక మన మాట ఎంత దూరం వెళ్తుంది?

బొబ్బిలి కోట పెద్దదేం కాదు. ఓర్మ్ లెక్క ప్రకారం ఒక్కో వైపు రెండు వందల గజాలు, మట్టిగోడలు, నాలుగు మూలలా నాలుగు బురుజులు, చుట్టూ అడవి. తెల్లవారుతూనే నాలుగు బురుజుల మీదా ఫిరంగులు పేలాయి. గోడలకి గండ్లు పడ్డాయి, సైనికులు ఎక్కబోయారు. ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే కిందికి తోశారు. మొదటి దాడి నిలిచిపోయింది. బుస్సీ దాడి ఆపి, గోడల్ని ఇంకా కూల్చమన్నాడు.

ఆ విరామంలోనే రంగారావు తనవాళ్లని పోగుచేశాడు. కోట నిలవదని అందరికీ తెలిసిపోయింది. ఆడవాళ్లూ పిల్లలూ విజయనగరంవాళ్ల చేతికి చిక్కకూడదన్న నిర్ణయం అప్పుడు జరిగింది. ఇళ్లకి నిప్పు పెట్టారు, బయటికి వచ్చినవాళ్లని తామే పొడిచారు. ఇది రాస్తుంటే నా చెయ్యి ఆగుతోంది. పాటలో దీన్ని వీరంగా వింటాం. చనిపోయినవాళ్లలో ఎంతమంది పిల్లలో, వాళ్లని ఎవరైనా ఏమైనా అడిగారో లేదో ఆలోచిస్తే వీరం అన్న మాట గొంతు దిగదు. మళ్లీ దాడి మొదలయ్యాక రంగారావు తుపాకి దెబ్బకి పడిపోయాడు. ప్రాణభిక్ష అడిగినవాడు ఒక్కడూ లేడని ఓర్మ్ రాశాడు. చివరికి లోపలికి వెళ్లిన ఫ్రెంచివాళ్లకి నిశ్శబ్దం ఎదురైంది. శవాల మధ్య నుంచి ఒక ముసలాయన చిన్న పిల్లాణ్ణి తీసుకొచ్చి అప్పగించాడు. రంగారావు కొడుకు. తండ్రి ఆజ్ఞకి ఎదురెళ్లి ఆయన దాచిపెట్టిన ప్రాణం అది. పాపారాయుణ్ణి తలచుకున్నంతగా ఆ ముసలాయన్నీ తలచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మూడో రాత్రి బొబ్బిలి మనుషులు విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయన్ని పొడిచి చంపారు. ఒంటి మీద ముప్పై రెండు గాయాలని ఓర్మ్ రాశాడు. ఆ చెయ్యి తాండ్ర పాపారాయుడిదని తెలుగునాడంతా చెప్పుకుంటుంది. ఆయన రంగారావు భార్య మల్లమ్మదేవి అన్న. యుద్ధం వేళకి రాజాంలో ఉండిపోయి, కబురందేసరికి ఆలస్యమైపోయింది. నాలుగు రోజుల తేడాలో రెండు ఊళ్లకీ ప్రభువులు లేకుండా పోయారు.

తర్వాత ఎవరికి దక్కింది

యుద్ధం అయ్యాక బుస్సీ ఆ పిల్లాడు చిన్న రంగారావుకి, తండ్రికి ఇవ్వజూపిన భూమినే ఇచ్చాడు. బొబ్బిలి నేల మాత్రం విజయనగరం పట్టులో ఉండిపోయింది. కొన్నేళ్లకి బొబ్బిలివాళ్లు మళ్లీ గొడవ చేస్తే రాజాం వైపు కొంత భూమి కౌలుకిచ్చి సర్దుకున్నారు. కోట పోయినా పొరుగు పోదు కదా.

విజయనగరం గద్దె ఎక్కిన ఆనందరాజుకి ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో విశాఖపట్నాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్లని రమ్మని కబురు పెట్టాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద పంపాడు. డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. సర్కారుల్లో ఫ్రెంచివాళ్ల కథ అంతటితో సరి. హైదర్ జంగ్ అంతకు ముందే, 1758లో ఔరంగాబాద్‌లో హత్యకి గురయ్యాడు. ఆనందరాజు కూడా ఆ దండయాత్ర నుంచి ఇంటికి చేరలేదు. మశూచి వచ్చి దారిలోనే పోయాడు.

పక్కవాణ్ణి సర్కారు చేస్తే ఏమవుతుందో ఆ తర్వాత ముప్పయ్యేళ్లూ పదేపదే కనపడింది. ఆనందరాజు తర్వాత గద్దె మీద బాలుడైన చిన్న విజయరామరాజు ఉన్నా పెత్తనమంతా ఆయన సవతి అన్న సీతారామరాజుదే. ఆయన హయాంలో సాలూరు, కురుపాం, మేరంగి, పాచిపెంట లాంటి కొండ అంచు జమీలు ఒక్కొక్కటే విజయనగరం గుప్పిట్లోకి వెళ్లాయి. బొబ్బిలి కుర్రవాణ్ణి పట్టుకుని విజయనగరంలో ఖైదు చేశారు. చాలా ఏళ్లకి ఆయన తప్పించుకుని నిజాము రాజ్యంలోకి పారిపోయాడు. సర్కారులు 1765లో పాదుషా ఫర్మానాతో, 1766లో నిజాముతో ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీ చేతికొచ్చాయి. కంపెనీ కూడా మొదట్లో మొరాసిన్ దారినే పట్టింది: ఒక్క పెద్ద జమీందారుతో లెక్క తేల్చుకుంటే చాలు, చిన్నవాళ్ల సంగతి ఆయన చూసుకుంటాడు.

చివరికి ఆ పెద్ద జమీందారు వంతు కూడా వచ్చింది. పేష్కష్ బకాయిలు పేరుకుపోయాయి. సైన్యాన్ని రద్దు చెయ్యమని, విజయనగరం వదిలి మచిలీపట్నం వెళ్లి ఉండమని కంపెనీ చిన్న విజయరామరాజుకి హుకుం వేసింది. రంగారావుకి బుస్సీ చెప్పింది గుర్తుందా, నీ ఊరు వదిలి ఇంకోచోటికి పో అని? ముప్పై ఏడేళ్లకి అదే మాట విజయనగరం వినాల్సి వచ్చింది. రంగారావు లాగే ఆయనా ఒప్పుకోలేదు. 1794 జూలై 10న పద్మనాభంలో, కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉన్న ఆ ఊళ్లోనే, కంపెనీ సైన్యాన్ని ఎదుర్కొని తనవాళ్ల మధ్య నేలకొరిగాడు. బొబ్బిలి కథ తెలిసినవాళ్లందరికీ పద్మనాభం కథ తెలియదు. తెలియాలి. రెండు ఊళ్లూ ఒకే దెబ్బ తిన్నాయి, ఒకటి ముందు, ఒకటి వెనక.

అదే ఏడాది కంపెనీ కొండ అంచు జమీందార్లని విజయనగరం నుంచి విడదీసి ఎవరి భూమి వాళ్లకి ఇచ్చేసింది. నిజాము రాజ్యంలో తలదాచుకున్న చిన్న రంగారావుని పిలిపించి బొబ్బిలి అప్పగించింది. ముసలాయన చేతుల్లో కోట దాటిన పిల్లాడు నలభై ఏళ్ల మనిషై తిరిగొచ్చాడు. చనిపోయిన రాజు కొడుకు నారాయణ గజపతికి విజయనగరం దక్కింది, కొండ అంచు జమీలు పోగా మిగిలినది. 1802 నాటి శాశ్వత పరిష్కారంలో విజయనగరం పేష్కష్ ఏడాదికి 5 లక్షల రూపాయలుగా ఖాయం చేశారు. బొబ్బిలికి విడిగా తన పేష్కష్ తనకి నిర్ణయించారు. ఇద్దరూ ఎవరిది వాళ్లు నేరుగా కంపెనీ కలెక్టరుకే కట్టాలి. సైన్యాలు లేవు, కోట చుట్టూ ముళ్ల అడవులు లేవు.

వేగవతి గెడ్డలకి మాత్రం వానాకాలం రాగానే మళ్లీ మట్టికట్టలు లేచేవి. జానెడు ఎత్తు ఎవరు పెంచారన్న తగువు ఉంటే అర్జీ రాయించుకుని కచేరీకి వెళ్లేవాళ్లు.